మట్టి పలకలు చదివిన పనివాడు - జార్జి స్మిత్

మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, జాషువా గార్ల గురించి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చక్కగా రాస్తున్నారు, ఇక ముందూ రాస్తారు. ఈసారి నేను వేరే దేశపు మనిషిని ఎంచుకున్నాను. పేరు జార్జి స్మిత్. ఇంగ్లండు దేశస్థుడు. ఆయన రాజు కాదు, ఉద్యమ నాయకుడు కాదు, డిగ్రీ పట్టా ఉన్న పండితుడు అంతకన్నా కాదు. పద్నాలుగో ఏట బడి మాని పనిలో చేరిన కుర్రవాడు. బైబిల్‌లోని కథలు ఏ కాలంలో, ఏ ప్రజల మధ్య, ఏ పాత కథల పక్కన పుట్టాయి అన్నది నేడు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలలో ఎం.ఏ., పిహెచ్.డి. స్థాయిలో చదివే విషయం. ఆ చదువుకు కొత్త దారి వేసిన కొద్దిమందిలో ఈయన ఒకడు.

స్మిత్ 1840 మార్చి 26న లండన్‌లోని చెల్సీలో పుట్టాడు. కార్మిక కుటుంబం. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ల పిల్లలకు చదువంటే నాలుగు అక్షరాలు, నాలుగు లెక్కలు, ఆ తరువాత ఏదో ఒక చేతిపని. స్మిత్‌ను బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అనే ముద్రణ సంస్థలో పని నేర్చుకోవడానికి పెట్టారు. కరెన్సీ నోట్లు అచ్చువేయడానికి లోహపు రేకుల మీద సన్నని గీతలు చెక్కడం ఆ పని. వెంట్రుక వాసి తేడా వచ్చినా రేకు పనికిరాదు. చూపు, వేళ్లు, ఓపిక ఈ మూడూ కుదిరితేనే ఆ పని అబ్బుతుంది. ఆ వర్క్‌షాపే ఆయనకు కాలేజీ అయిందని నా అభిప్రాయం. ఎందుకో ముందు చదివితే మీకే తెలుస్తుంది.

బైబిల్ తెలిసినవాళ్లకు నీనెవె పేరు తెలుసు. యోనా ప్రవక్త వెళ్లనని ఓడ ఎక్కి పారిపోయింది ఆ పట్టణానికి వెళ్లమన్నందుకే. అది అష్షూరు రాజుల రాజధాని. క్రీ.పూ. 612లో శత్రువులు దాన్ని తగలబెట్టారు. ఆ తరువాత రెండు వేల ఏళ్లకు పైగా అది ఇప్పటి ఇరాక్‌లో, మోసుల్ నగరానికి ఎదురుగా టైగ్రిస్ నది అవతలి ఒడ్డున మట్టి దిబ్బలుగా పడి ఉంది. 1840ల చివరి నుంచి లేయార్డ్ అనే ఇంగ్లీషువాడు, ఆయన దగ్గర పనిచేసిన హోర్ముజ్ద్ రస్సాం ఆ దిబ్బలు తవ్వి అషుర్‌బనిపాల్ అనే రాజు గ్రంథాలయాన్ని బయటపెట్టారు. సుమారు 30,000 మట్టి పలకలు, పలకల ముక్కలు దొరికాయి. మనం తాటాకు మీద గంటంతో రాసినట్టు వాళ్లు పచ్చి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కి రాసేవారు. ఊరు తగలబడినప్పుడు చాలా పలకలు కాలి ఇటుకలా గట్టిపడ్డాయి. తాటాకులైతే బూడిదే మిగిలేది. పట్టణాన్ని నాశనం చేసిన మంటే దాని పుస్తకాలను కాపాడింది. (రస్సాం మోసుల్‌లోనే పుట్టిన మనిషి. ఆయన తవ్వకాల్లో దొరికిన వాటితో మ్యూజియం గదులు నిండాయి గానీ ఆయనకు దక్కవలసినంత పేరు బతికుండగా దక్కలేదు. ఆయన కథ వేరే సంచికలో ఎవరైనా రాయాలి.)

ఆ పలకల మీది రాతను క్యూనిఫారం లిపి అంటారు. చూడడానికి చిన్న చిన్న మేకులు గుచ్చినట్టు ఉంటుంది. దాన్ని చదివే మార్గం కనిపెట్టినవారిలో హెన్రీ రాలిన్సన్ ముఖ్యుడు. ఈయన 1827లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మన దేశం వచ్చి, ఇక్కడి నుంచి పర్షియా వెళ్లి, అక్కడి కొండ మీది పెద్ద శాసనాన్ని ప్రాణాలకు తెగించి నకలు చేసుకున్నాడు. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒక పరీక్ష పెట్టింది. ఒకే శాసనాన్ని నలుగురు పండితులు ఒకరికొకరు చూపించుకోకుండా అనువదించి సీలు వేసిన కవర్లలో ఇవ్వాలి. తెరిచి చూస్తే నలుగురి అనువాదాలూ చాలావరకు కలిశాయి. అంటే లిపి నిజంగానే తెలిసిందన్నమాట. అయితే చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చదవవలసిన ముక్కలు వేలకు వేలు.

స్మిత్ తన మధ్యాహ్న భోజన విరామంలో బ్రిటిష్ మ్యూజియంకు నడిచి వెళ్లేవాడు. లేయార్డ్, రాలిన్సన్ పుస్తకాలు సంపాదించి రాత్రిళ్లు చదివేవాడు. గురువు లేడు, తరగతి లేదు, సిలబస్ లేదు. 1861 నాటికి సాయంత్రం పూట మ్యూజియం గదుల్లో ఆ ముక్కలను శుభ్రం చేసి వేరుచేసే పని దొరికింది. 1863లో మేరీ క్లిఫ్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పగలు చెక్కుడు పని, సాయంత్రం పలకలు, ఇంట్లో సంసారం. ఈ కాలమంతా ఆయన ఏమి తిన్నాడో, ఎన్ని గంటలు నిద్రపోయాడో ఏ పుస్తకంలోనూ రాయలేదు. కానీ స్టడీ అవర్ అయ్యాక కూడా వరండా లైటు కింద కూర్చుని చదివిన మన హాస్టల్ పిల్లలకు అది చెప్పనక్కరలేదు.

మ్యూజియంలో ఆ విభాగానికి అధిపతి శామ్యూల్ బర్చ్. రోజూ వచ్చి అవే పలకల ముందు నిలబడే ఈ కుర్రవాణ్ని ఆయన గమనించాడు, రాలిన్సన్‌కు పరిచయం చేశాడు. రాలిన్సన్ తన గదిలోని పలకల అచ్చులను చూడనిచ్చాడు. ఒక ముక్క ఇక్కడ, దాని జత ముక్క ఇంకో పెట్టెలో ఉంటే, వాటి విరుగు అంచులు చూసి కలపడంలో స్మిత్‌కు సాటి వచ్చినవాళ్లు లేరు. నోట్ల గీతలకు అలవాటుపడిన కన్ను అది. విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినవాళ్లకు గ్రీకు, లాటిన్ వచ్చు. ఇది మాత్రం రాదు.

1866లో ఆయన మొదటి పెద్ద సంగతి కనిపెట్టాడు. ఇశ్రాయేలు రాజు యెహూ అష్షూరు రాజు షల్మనేసెరుకు కప్పం కట్టినట్టు ఒక నల్ల రాతి స్తంభం మీద ముందే తెలుసు. ఏ సంవత్సరమో తెలియదు. స్మిత్ వేరొక శాసనంలో అది షల్మనేసెరు పరిపాలన పద్దెనిమిదో ఏడని చదివాడు. ఇప్పటి లెక్కలో అది క్రీ.పూ. 841. బైబిల్‌లో రాజుల రెండవ గ్రంథం యెహూ ఎలా రాజయ్యాడో వివరంగా చెబుతుంది గానీ ఈ కప్పం మాట ఎత్తదు. అష్షూరు శాసనం కప్పం గురించే చెబుతుంది, మిగతా సంగతి దానికి పట్టదు. ఇద్దరూ తమకు కావలసినదే రాసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే ఆ రోజుల్లో చిన్న రాజ్యం పెద్ద సామ్రాజ్యం పక్కన ఎలా బతికిందో తెలుస్తుంది. ప్రాచీన గ్రంథాన్ని దాని చరిత్రలో పెట్టి చదవడమంటే ఇదే. ఆ గ్రంథాన్ని తక్కువ చేయడం కాదు.

ఆ తరువాత రాలిన్సన్ సిఫారసుతో శాసనాల సంపుటాలు తయారుచేసే పనిలో చేరాడు. 1870లో మ్యూజియంలో సీనియర్ అసిస్టెంటు అయ్యాడు. నోట్లు చెక్కే పని అప్పటికి వదిలేశాడు.

ఇక 1872. నీనెవె పలకలను విషయాలవారీగా వేరుచేస్తుండగా ఆయన కంటికి ఒక పగిలిన పలక కనబడింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. ఒక ఓడ ఒక కొండ మీద ఆగిందని, పావురాన్ని వదిలితే నిలువ చోటు దొరక్క తిరిగి వచ్చిందని అందులో ఉంది. ఆయనకు వెంటనే నోవహు జలప్రళయం గుర్తుకు వచ్చింది. కానీ పలక సగం మీద మట్టి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది. దాన్ని తీయగలిగిన నిపుణుడు ఆ సమయానికి ఊళ్లో లేడు. తానే గీకితే అక్షరాలు పోతాయేమో. అంచేత ఆ మనిషి వచ్చేదాకా ఆగాడు. ఆ ఆగడమే నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

పెచ్చు తీశాక మిగతా భాగం చదివి, స్మిత్ ఆనందం పట్టలేక గదిలో అటూ ఇటూ పరుగెత్తి ఒంటి మీది బట్టలు విప్పడం మొదలుపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. చాలా పుస్తకాలు దీన్ని నిజమన్నట్టే రాస్తాయి. దీన్ని రాసినది బడ్జ్ అనే పండితుడు, అదీ 1925లో. ఆయన మ్యూజియంలో చేరింది స్మిత్ చనిపోయిన తరువాత, అంటే కళ్లారా చూసినవాడు కాదు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆయనకెలా తెలుసు అని అడగడం బైబిల్‌కే కాదు, స్మిత్ గురించిన కథలకూ వర్తిస్తుంది. జరిగి ఉండవచ్చు, జరగకపోయి ఉండవచ్చు.

1872 డిసెంబరు 3న బైబిల్ పురావస్తు సంఘం సమావేశంలో స్మిత్ తన అనువాదం చదివాడు. సభలో ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా కూర్చున్నాడు. బడి మానేసిన చేతిపనివాడు దేశ ప్రధాని ముందు నిలబడి, ప్రపంచంలో అంతవరకు ఎవరికీ తెలియని సంగతి చెప్పాడు.

ఆ పలకలో ఏముంది? దేవతలు ప్రళయం తేవాలని నిశ్చయిస్తారు. ఏయా అనే దేవుడు ఒక మనిషికి రెల్లు గోడ చాటున రహస్యంగా చెబుతాడు. అతడు ఓడ కట్టి కుటుంబాన్ని, జంతువులను ఎక్కిస్తాడు. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు తుఫాను. ఓడ కొండ మీద ఆగుతుంది. పావురం, వానకోవెల, కాకి ఒకదాని తరువాత ఒకటి వదులుతాడు. కాకి తిరిగి రాదు. దిగి బలి అర్పిస్తే ఆ వాసనకు దేవతలు చేరతారు. ఇక ఆదికాండము 6 నుంచి 9 అధ్యాయాలు తెరవండి. ఓడ, జంతువులు, కొండ, కాకి, పావురం, బలి, ఆ సువాసన అన్నీ ఉన్నాయి. తేడాలూ ఉన్నాయి. అక్కడ అనేకమంది దేవతలు, వాళ్లలో వాళ్లకే తగవులు. ఇక్కడ ఒక్క దేవుడు. అదే కథ ఇంకా పాత రూపంలో మనుషుల గోల వల్ల దేవుడికి నిద్ర పట్టకపోవడం ప్రళయానికి కారణం. ఆదికాండములో లోకంలో పెరిగిన చెడుతనం, బలాత్కారం కారణం. కథ ఒకటే, చెప్పదలచినది వేరు. మన దగ్గర మనువు, చేప కథ శతపథ బ్రాహ్మణంలోనే ఉంది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. దానికీ దీనికీ చుట్టరికం ఉందా లేదా అన్నది వేరే చర్చ, ఇక్కడ కలపను.

లండన్‌లో పెద్ద అలజడి రేగింది. బైబిల్ నిజమని రుజువైందని కొందరు పండుగ చేసుకున్నారు. బైబిల్ కథ అరువు కథేనని తేలిందని కొందరు ఎగతాళి చేశారు. ఒకే పలకను చూపించి రెండు వర్గాలూ గెలిచామన్నాయి. స్మిత్ మాత్రం ఆ గొడవలో జెండా పట్టలేదు. పలక పగిలి ఉంది, మిగతా ముక్కలు నీనెవెలోనే ఉంటాయి, తవ్వాలి అన్నదే ఆయన పట్టు.

మ్యూజియం తటపటాయిస్తుండగా డైలీ టెలిగ్రాఫ్ పత్రిక 1,000 గినీలు ఇస్తానంది. ఆ ఏర్పాటు వెనుక ఉన్నది ఎడ్విన్ ఆర్నాల్డ్. ఈయన అంతకు ముందు పుణెలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు, తరువాత 1879లో బుద్ధుని జీవితం మీద లైట్ ఆఫ్ ఆసియా అనే కావ్యం రాసినవాడు. స్మిత్ 1873 జనవరిలో బయలుదేరి మార్చిలో మోసుల్ చేరాడు. మే 7న నీనెవె దిబ్బ మీద తవ్వకం మొదలైంది. మే 14న, ఆ రోజు దొరికిన ముక్కల మట్టి దులుపుతుండగా జలప్రళయం కథలోని 17 వరుసలున్న ముక్క చేతికి వచ్చింది! పాత తవ్వకాల చెత్త, పడిపోయిన గోడలు, లెక్కలేనన్ని ముక్కలున్న దిబ్బలో వారం తిరగకుండానే అది దొరకడం అదృష్టమే. కానీ ఆ అదృష్టమే ఆయనకు అడ్డమైంది. కావలసిన వార్త దొరికింది కాబట్టి పత్రిక తవ్వకం ముగించింది. తాను పంపిన టెలిగ్రాముకూ అచ్చయినదానికీ చాలా తేడా ఉందని స్మిత్ తరువాత తన పుస్తకంలో మర్యాదగానే రాసుకున్నాడు. తవ్వకాల కాలం ముగుస్తున్నదన్న మాట ఆయన పంపినది కాదు.

ఆ ఏడాది చివర మ్యూజియం తరఫున మళ్లీ వెళ్లాడు. 1874 మొదట్లో తవ్వాడు. అనుమతి గడువు తక్కువ, టర్కీ అధికారులతో నిత్యం తగువు. తిరిగి వచ్చి 1875లో తవ్వకాల పుస్తకం, ఆ వెంటనే ఆదికాండపు కల్దీయ కథనం మీద పుస్తకం అచ్చువేయించాడు. ఈ రెండో పుస్తకం జనంలోకి బాగా వెళ్లింది. అందులో తొందరపాట్లూ ఉన్నాయి. కథానాయకుని పేరు ఇజ్దుబార్ అని చదివి, అతడే బైబిల్‌లోని నిమ్రోదు అనుకున్నాడు. ఆ పేరు గిల్గమెష్ అని 1890లో తేలింది. నిమ్రోదుతో సంబంధం లేదు. ఆయన నీనెవెలో తవ్వి తీసిన 17 వరుసల ముక్క కూడా నిజానికి ఆ పలకది కాదు, అత్రహసీస్ అనే మరో ప్రళయ కావ్యానిది. ఒక్క ముక్క కోసం వెళ్లి, తనకు తెలియకుండానే రెండో గ్రంథపు జాడ తెచ్చాడు. ఆ అత్రహసీస్ కావ్యం పూర్తి రూపానికి దగ్గరగా 1969లో గానీ అచ్చు కాలేదు. దాని పాత ప్రతులు క్రీ.పూ. 17వ శతాబ్దానివి.

1876లో మూడోసారి పంపారు. ఈసారి అన్నీ ఎదురు దెబ్బలే. బాగ్దాద్ ప్రాంతంలో ప్లేగు, దారుల్లో క్వారంటైన్లు, అనుమతుల ఆలస్యం. బాగ్దాద్‌లో మాత్రం ఎగిబి అనే వ్యాపార కుటుంబపు అప్పు పత్రాలు, అమ్మకపు పత్రాలు రాసిన పలకలు రెండు వేలకు పైగా మ్యూజియం కోసం కొన్నాడు. నీనెవెలో తవ్వకం సాగలేదు. మండు వేసవిలో సిరియా దారి పట్టాడు. దారిలో రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అలెప్పోకు ఇంకా దూరంలో ఉండగానే ఒక పల్లెలో పడిపోయాడు. తోడు వచ్చిన ఫిన్లండు పండితుడు ఎనెబెర్గ్ కూడా ఈ ప్రయాణంలోనే జబ్బు చేసి చనిపోయాడు. స్మిత్ నోటు పుస్తకం చివరి పేజీల్లో రాత వంకర్లు పోయింది. అందులో ఆయన దిగులు రెండింటి గురించి: చదవకుండా మిగిలిపోయే పలకలు, ఇంటి దగ్గర భార్యాపిల్లలు. 1876 ఆగస్టు 19న అలెప్పోలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 36. ప్రభుత్వం మేరీకి, పిల్లలకు ఏడాదికి 150 పౌండ్ల పింఛను ఇచ్చింది. పత్రిక ఒక్క ముక్క కోసం పెట్టిన సొమ్ము దీనికి ఏడింతలు.

ఆయన పోయాక ఆ చదువు ఆగలేదు. ఆదికాండపు ప్రళయ కథలో ఒకచోట ప్రతి జంతువు జత, ఇంకోచోట పవిత్ర జంతువులు ఏడేసి, ఒకచోట 40 రోజులు, ఇంకోచోట 150 రోజులు ఉండడం చూసి, రెండు పాత కథనాలను జడలా అల్లారని యూరప్ పండితులు అప్పటికే అంటున్నారు. స్మిత్ పలక వచ్చాక ఆ పండితుల లోపలి పరిశీలనకు బయటి నుంచి ఒక కొలత దొరికింది. ఇశ్రాయేలీయులకు ఈ కథ ఎప్పుడు చేరింది? బబులోను చెరలో, అంటే క్రీ.పూ. ఆరో శతాబ్దంలో విన్నారా? అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ దేశంలో తెలుసా? మెగిద్దోలో గిల్గమెష్ పలక ముక్క ఒకటి దొరికింది, అది ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడకముందుది. కాబట్టి రెండో మాటకూ బలముంది. నేడు ఈ విషయంలో పై చదువులు చదివేవారు హీబ్రూ, గ్రీకుతో పాటు అక్కాదు భాష కూడా నేర్చుకుని ఇలాంటి ప్రశ్నల మీదే పరిశోధన చేస్తారు. విశ్వాసం ఉన్నవారూ చేస్తారు, లేనివారూ చేస్తారు. ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

బ్రిటిష్ మ్యూజియంలో ఆ పలక సంఖ్య కె. 3375. కె. అంటే ఆ దిబ్బ పేరు, కుయుంజిక్. పత్రిక డబ్బుతో తవ్వి తెచ్చిన 17 వరుసల ముక్క సంఖ్య డి.టి. 42, డైలీ టెలిగ్రాఫ్ పేరు మీద. వేరే వరుస ఒకటి ఉంది, ఎస్.ఎం. అని మొదలయ్యే సంఖ్యలు. అవి స్మిత్ పేరు మీద నమోదైన ముక్కలు. ఆ ముక్కల గురించి రాసే ప్రతి పరిశోధకుడూ ఈనాటికీ ఆ రెండక్షరాలు వేసి, పక్కన అంకె వేయవలసిందే.